రెక్కల నట్టు

శబ్దం ఇంకా వినిపిస్తూనే ఉంది. వీధి చివర మలుపు తిరిగారు, గేరు మార్చాడు, మార్చేటప్పుడు ఎప్పట్లాగే గరగరలాడించాడు, క్లచ్ రెండుసార్లు తొక్కాలిరా నాయనా అని ఎన్నిసార్లు చెప్పినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు, వింటే మా బావమరిది ఎందుకవుతాడు. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దించాలి. ఎదురింటావిడ మేడ మీద దుప్పట్లు ఆరేస్తూ ఇటే చూస్తోంది, పెళ్ళాం షికారుకి వెళ్తుంటే టాటా చెప్పి మైమరచి నిలబడిపోయిన మొగుడనుకుంటోంది కాబోలు, నవ్వుతోంది కూడా. టాటా కాదమ్మా. ఆగమన్నాను. ఆగమనడానికే ఎత్తాను చెయ్యి, నోట్లోంచి రావలసిన మాట రాలేదు, చెయ్యి మాత్రం లేచింది, మా ఆవిడ వెనక్కి తిరిగి చూసి తనూ చెయ్యి ఊపింది, తలకి కట్టుకున్న గుడ్డ కొస గాలికి ఎగిరింది, అంతే, మలుపు. ఆ కారు ముందు చక్రం వదులుగా ఉంది. ఆ సంగతి ఈ లోకంలో నాకూ, వదులు చేసినవాడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. వదులు చేసినవాడే కారు నడుపుతున్నాడు. కాబట్టి భయం లేదు. భయం లేదనే అనుకుంటున్నాను.

పొద్దున్నే చూశాను. ఆదివారం కాబట్టి టీ గ్లాసు పట్టుకుని తిన్నగా షెడ్డులోకే వెళ్ళాను, డ్రైవరు వైపు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఈ పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుకి మామూలు కార్లకి ఉన్నట్టు చక్రానికి నాలుగేసి బోల్టులుండవు. సైకిలు చక్రంలా పుల్లలుంటాయి, మధ్యలో ఒకే ఒక్క పెద్ద నట్టు, దానికి అటొకటి ఇటొకటి రెక్కలు. రాగి సుత్తితో రెక్క మీద ఓ వైపు కొడితే బిగుస్తుంది, రెండో వైపు కొడితే వదులవుతుంది. ఎటు కొడితే వదులవుతుందో చూపిస్తూ నట్టు మీద చిన్న బాణం గుర్తు చెక్కి ఉంటుంది. రాగి సుత్తే ఎందుకంటే రాగి మెత్తన, రెక్క సొట్టపోదు. పోయిన ఆదివారం బిగించాక నట్టు మీంచి చక్రం మీదికి ఒకే గీతగా సుద్దముక్కతో గీశాను. ఈ పొద్దున ఆ గీత రెండు ముక్కలై ఉంది. నట్టు మీది ముక్క బాణం వైపు బొటనవేలంత జరిగింది. అటువైపు ముందు చక్రానిది కూడా జరిగింది, కాస్త తక్కువ. ఇలా ఎన్ని ఆదివారాలైందో లెక్కపెట్టడం కూడా మానేశాను. వెనక చక్రాల గీతలు మాత్రం గీసినవి గీసినట్టే ఉంటాయి. ముందువే జరుగుతాయి. స్టీరింగు తిప్పేవే. చేస్తున్నవాడికి కారు గురించి తెలుసు.

రిపేరు పుస్తకంలో ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. కారు ముందుకి పరిగెత్తేకొద్దీ ఈ నట్టు తనంతట తానే బిగుసుకుంటుంది. అందుకే కుడి చక్రాలకి ఒక రకం మర, ఎడమ చక్రాలకి దానికి తిరగేసిన మర పెట్టారు ఆ దొరలు. నడిస్తే బిగుస్తుంది, నిలబెడితే ఉన్నచోటే ఉంటుంది, మరి వదులైందంటే? నేను ఏళ్ళ తరబడి ఇన్సూరెన్సు కంపెనీకి సర్వేయరుగా ఉన్నవాణ్ణి. కాలిపోయిన గోడౌన్లూ, తడిసిపోయిన సరుకూ, గుద్దుకున్న లారీలూ చూసి, ఇది దానంతటది జరిగిందా ఎవరైనా జరిపించారా అని తేల్చడం నా పని. దానంతటది జరగలేదంటే దాని వెనక చెయ్యి ఉంది, చెయ్యి ఉందంటే మనిషి ఉన్నాడు. షెడ్డు తాళంచెవి నా దగ్గరొకటి, వంటింట్లో మేకుకొకటి. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను చెయ్యలేదు. మా ఆవిడకి ఏ నట్టు ఎటు తిరుగుతుందో తెలియదు. ఇంక మిగిలింది ఒక్కడు.

వాడు పై వాటాలో ఉంటాడు. టైల్స్ షాపులో పని, బాత్రూము టైలుని తీసుకెళ్ళి ముందుగదికి అంటగట్టగలడు, కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చి థాంక్సు కూడా చెప్పిపోతారు. మెట్లు దిగుతూ ఈల, మెట్లెక్కుతూ ఈల. అంత ఈల వేసేవాణ్ణి నేను మొదట్నించీ నమ్మలేదు, మనసులో ఏదో ఒకటి తిరుగుతుంటే తప్ప మనిషి అన్ని ఈలలు వెయ్యడు. ఈ కారు లారీ మీద వచ్చిన రోజు అది కారులా లేదు, తుప్పు పట్టిన స్నానాల తొట్టికి చక్రాలు తగిలించినట్టుంది, మా ఆవిడ నోటి మీద చెయ్యేసుకుని నిలబడిపోయింది, వీడు మాత్రం చుట్టూ తిరిగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "బావా, నీకు విసుగొచ్చిన రోజున నాకిచ్చెయ్, సరేనా?" అన్నాడు. విసుగొచ్చిన రోజున. అంటే నాకు విసుగు రావాలి. రాకపోతే తెప్పించాలి. దానికి చక్రం నట్టు కంటే మంచి మార్గం ఏముంది, దారిలో రెండుసార్లు చక్రం ఊగిందంటే నాలాంటి పిరికివాడు తాళంచెవి వాడి చేతిలో పెట్టి దణ్ణం పెడతాడు. చంపాలని కాదు. అంత దుర్మార్గుడు కాడు. భయపెట్టాలని. అన్నీ కుదిరాయి నా బుర్రలో, ఒక్క రుజువు తప్ప.

ఆ రుజువు కోసమే ఇవ్వాళ నట్టు బిగించలేదు. వదులుగా ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేసి, సుత్తి బల్ల మీద పెట్టి, టీ తాగాను. వాడు దిగొచ్చి, "బావా, వంతెన దాకా ఓ రౌండు వేసి రానా?" అన్నాడు. ఎప్పుడూ ఏదో సాకు చెప్పేవాణ్ణి, ఇవ్వాళ తాళంచెవి ఇచ్చేశాను. వాడు ఆశ్చర్యపోయాడు, అది కూడా గమనించాను. షెడ్డు గుమ్మంలో నిలబడి కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాను. డ్రైవరు తలుపు దగ్గరికి పోవాలంటే ఆ చక్రాన్ని దాటుకునే పోవాలి. వదులు చేసినవాడైతే ఒక్కసారైనా దానివైపు చూస్తాడు, లేదంటే పనిగట్టుకుని చూపు తప్పిస్తాడు, ఏదైనా నాకు చాలు, సుత్తి ఓసారి ఇవ్వు బావా అన్నాడంటే ఇంక చెప్పక్కర్లేదు. ఏమీ చెయ్యకపోతే గేటు దగ్గర నేనే ఆపేస్తాను. నా ఎత్తు అదీ. వాడేమో బూటు కాలితో చక్రాన్ని ఓ తన్ను తన్నాడు. ఈల వేస్తూ. కారు కనిపిస్తే చక్రాన్ని తన్నని మగవాడుండడు, మరి ఇది ఆ తన్నా, గట్టిగా ఉందో లేదో చూసుకునే తన్నా అని నేనింకా తేల్చుకుంటూనే ఉన్నాను, వంటింటి తలుపు చప్పుడైంది, "ఒరేయ్ ఆగరా, నేనూ వస్తా!" అంటూ మా ఆవిడ చంకలో ఏదో సంచీతో, తలకి గుడ్డ కట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి అటువైపు సీట్లో కూర్చుంది. ఆమె నా ఎత్తులో లేదు. ఆదివారం పొద్దున ఆమె ఎప్పుడూ ఫోన్లో వాళ్ళ పిన్నితో మాట్లాడుతుంది, అందుకే ఆమెని లెక్కలోకి తీసుకోలేదు.

ఆపాల్సింది. ఆగండి, నట్టు వదులుగా ఉంది. నాలుగు మాటలు. అంటే ఆమె మీకెలా తెలుసు అంటుంది. పొద్దున చూశానంటాను. చూసి? అంటుంది. ఆ 'చూసి?' అన్నదానికి, మీ తమ్ముణ్ణి పట్టుకోడానికి బోను పెట్టానే అని వాడి ఎదురుగా, ఆమె మొహం మీద చెప్పాలి. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఆమె. దానికేదో వేరే మాట దొరుకుతుందేమో అని వెతుక్కున్నాను, వెతుక్కుంటుండగానే కారు గేటు దాటింది. పరవాలేదు. వాడు ఏ మలుపు అవతలో ఆపుతాడు. చేసినవాడికి తెలుసు కదా, తెలిసి తెలిసి అక్కని పక్కన కూర్చోబెట్టుకుని వంతెన దాకా పోతాడా, నా మీద ఏ కుట్ర పన్నినా ఆమె ఒంటి మీద ఈగ వాలనివ్వడు. ఏదో వంక పెట్టి దిగి నాలుగు దెబ్బలు వేసి మళ్ళీ ఎక్కుతాడు. వేస్తాడు. రాగి సుత్తితో.

సుత్తి ఇక్కడే ఉంది. బల్ల మీద, నేను పెట్టినచోటే, నా టీ గ్లాసు పక్కన.

సరే, రాయి తీసుకుంటాడు, దారిలో రాళ్ళు లేవా. ఫోను చేస్తే సరి. చేశాను. బల్ల కింద ఎక్కడో ఈల పాట మోగింది, వాడి ఫోను పెట్రోలు డబ్బా పక్కన వెలుగుతోంది, తాళంచెవి అందుకునేటప్పుడు అక్కడ పెట్టి మర్చిపోయినట్టున్నాడు. మా ఆవిడది భోజనాల బల్ల మీదే ఉంటుంది, చూడక్కర్లేదు, ఆమె బయటికెళ్ళేటప్పుడు ఫోను తీసుకెళ్ళదు, లాబ్‌లో రోజంతా మోగే ఫోన్లతో విసిగిపోయానంటుంది. రక్తపరీక్షలు చేసే లాబ్. ఆమె పని జనం చేతులు పట్టుకుని నరం వెతకడం, కళ్ళతో కాదు, వేలి కొసతో, చర్మం మీద వేలు ఆనించి కాసేపు ఊరుకుంటుంది, ఆ తర్వాత ఒక్కటే పోటు, ఎవరూ అమ్మా అనరు. నా చెయ్యి కూడా అలాగే పట్టుకుంది మొదటిసారి, ఉద్యోగంలో చేరే ముందు పరీక్షలకి వెళ్ళినప్పుడు. నేను సూది వైపు అనుమానంగా చూస్తుంటే, కొత్తదేనండీ, మీ ముందే విప్పాను, అంది. అప్పుడే తెలిసిపోయి ఉంటుంది ఆమెకి నేనేమిటో. అయినా చేసుకుంది.

ఇంట్లో కూడా డ్యూటీయేనా అంటుంది. పోయిన ఏడు, కారు ఇంకా కొత్తలో, ఇంజను పక్కన రెండు కార్బురేటర్లున్నాయి కదా, వాటి నెత్తిన చిన్న చిన్న గొట్టాల్లో ఆయిలు పొయ్యాలి, పోశాను, కొన్నాళ్ళకి చూస్తే తగ్గింది, మళ్ళీ పోశాను, మళ్ళీ తగ్గింది. కారితే కింద మరక ఉండాలి, లేదు. అప్పుడూ వీణ్ణే అనుమానించాను, పై వాటా తలుపు బందులు కిర్రుమనడం ఆగిపోయింది అప్పుడే, నా ఆయిలే తీసి వాటికి పోశాడనుకున్నాను. చివరికి పుస్తకం ఇంకో పేజీ తిప్పితే తేలింది, ఆ ఆయిలు పెట్రోలుతో పాటు కొద్దికొద్దిగా పోతూనే ఉంటుందట, అది సహజమట. మా ఆవిడ నవ్వీ నవ్వీ సోఫాలో పడింది. నాకు ఈ కారు గురించి ఏమీ తెలియదు, అది నిజం. బ్యాటరీ తీగలు తిరగేసి తగిలించి పొగ చూశాను, ఎందుకంటే లోకంలో కార్లన్నిటికీ ఒక రకం, దీనికి ఇంకో రకం. నా పానాలేవీ దీని నట్లకి పట్టవు, ఒకటి వెంట్రుకవాసి పెద్ద, ఒకటి వెంట్రుకవాసి చిన్న, పట్టినట్టే పట్టి జారిపోయి మూలలు అరగదీస్తాయి. అయినా నాకిది కావాలి. అందరి నష్టాలూ చూసి సంతకం పెట్టీ పెట్టీ విసుగెత్తి, పాడైపోయినదాన్ని ఒక్కదాన్నైనా బాగుచేద్దామనిపించింది. అది ఎవరికీ చెప్పలేదు, చెప్తే నవ్వుతారు.

ఇంకా రాలేదు. వంతెన దాకా వెళ్ళి రావడానికి ఇంతసేపా. ఆపి ఉంటాడు, బిగిస్తూ ఉంటాడు. చేసినవాడు వాడే, అందులో సందేహం లేదు, వీళ్ళిద్దరూ వంటింట్లో గుసగుసలాడుకోవడం నేను వినలేదా, నేను అడుగుపెట్టగానే ఆమె కుళాయి తిప్పేస్తుంది, వాడు ఈల మొదలుపెడతాడు. కుట్రలో అక్కని కూడా కలుపుకున్నాడు, ఎలాగైనా బావ చేత అమ్మించెయ్యి అని. ముందుగదిలో సోఫా దిండు పెట్రోలు వాసనేసింది, అడిగితే ఆమె, మీరే ఆ చేతులతో పడుకుని ఉంటారు, అంది, నేను పడుకోలేదు, నాకు తెలుసు, వీడే పని చేసొచ్చి వాలాడు. ఇంకోటి, డ్రైవరు సీటు. ఆదివారం ఎక్కితే నా మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకుంటాయి, సీటు ముందుకి జరిపి ఉంటుంది. నేను వారమంతా ముట్టుకోనిది ఆదివారానికి ముందుకి ఎలా జరుగుతుంది, వీడే ఎక్కి కూర్చుని కులుకుతున్నాడు అనుకున్నాను.

వాడు నాకంటే జానెడు పొడుగు.

పొడుగువాడు సీటు ముందుకి జరుపుకోడు. వెనక్కి జరుపుకుంటాడు. ఇన్ని రోజులూ ఈ ముక్క నాకెందుకు తట్టలేదు. ముందుకి జరుపుకుని, అదీ చాలక దిండు వేసుకుని కూర్చునేది ఎవరు, కాళ్ళు పెడల్‌కి అందనివాళ్ళు, ముక్కు స్టీరింగు మీదికి రానివాళ్ళు. ఓ రోజు ఆమె గుమ్మంలో నిలబడి, నేనూ నేర్చుకోనా, అంది. నేను కారు కిందనించే, ఇది కుట్టుమిషను కాదే, అన్నాను. సరదాకే అన్నాను. కాసేపు అక్కడే ఆమె చెప్పులు కనిపించాయి, తర్వాత వెళ్ళిపోయాయి. మైళ్ళ మీటరు పనిచెయ్యదు, దాని కేబులు తెగింది, అందుకే నాకు తెలియలేదు. నేను ఆఫీసులో ఉన్న వేళ, ఆమెకి సెలవున్న పూట, వీడు పక్కన కూర్చుని నేర్పిస్తున్నాడు. గుసగుసలు అవీ. కుళాయి తిప్పింది అందుకు. నాకు నవ్వొచ్చింది, నిజంగానే నవ్వొచ్చింది, ఓస్ ఇంతేనా అనిపించింది, ఆ వెంటనే ఇంకోటి తట్టింది. కారు వారమంతా షెడ్డులో నిలబడి లేదు. తిరిగింది. తిరిగితే నట్టు బిగుసుకోవాలి. పుస్తకం చెప్పింది. తిరిగిన కారుకి నట్టు వదులెందుకైంది?

సుత్తి ఎప్పుడు తీసుకున్నానో తెలియదు, చేతిలో ఉంది. ఖాళీ షెడ్డు నేల మీద టైర్ల జాడలున్నాయి. వెనక టైరు జాడ దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఇక్కడ బిగించాలంటే ఎలా కొడతాను? పై రెక్క మీద, కారు వెనకవైపుకి. చెయ్యి గాల్లో కొట్టింది, అవును, ఇలాగే. ముందు టైరు జాడ దగ్గరికి జరిగాను. ఇక్కడ? ఇక్కడ నేను అటు తిరిగి కూర్చుంటాను, పై రెక్క మీద, కారు ముందువైపుకి. చెయ్యి కొట్టింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి కొట్టాను, ముందుకి వచ్చి కొట్టాను. ఒకే వైపు రెండు చక్రాలు, ఒకే దిక్కుకి దొర్లే రెండు చక్రాలు, ఒకదాన్ని వెనక్కి కొడితే బిగుస్తుంది, రెండోదాన్ని ముందుకి కొడితే బిగుస్తుంది. ప్రతి ఆదివారం బాణాలు చూసుకుని బాణానికి ఎదురు కొట్టాను, ముందు చక్రం బాణం ఒక దిక్కు, వెనక చక్రం బాణం ఇంకో దిక్కు చూపిస్తుంటే, అన్నీ తిరకాసులేరా ఈ దొరలతో అని నవ్వుకుని పోయాను. వెనకవాటిని నేనెప్పుడూ విప్పలేదు. ముందువి విప్పాను. వానలు పడుతున్న రోజుల్లో ముందు భాగమంతా విప్పి, తుప్పు గీకి, రంగు వేసి, మళ్ళీ కట్టాను. విప్పేటప్పుడు కారుకి ఎదురుగా, మనిషితో మాట్లాడేవాడిలా నిలబడ్డాను. నా ఎడమ చేతి వైపు హబ్బుకి, అదే చక్రం ఎక్కించి నట్టు బిగించే మర ఉన్న ముక్కకి, తెల్ల దారం కట్టాను, ఎడమ అని. బిగించేటప్పుడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని సీట్లో కూర్చుని ఎడమ ఏదో చూసుకున్నాను. తెల్ల దారం అటు పోయింది. ఆమె లాబ్‌లో ఎదురుగా కూర్చున్న ప్రతివాళ్ళకీ రోజుకి ఎన్నిసార్లో చెప్పే మాట, నాక్కూడా మొదటి రోజు చెప్పిన మాట: "నా ఎడమ కాదండీ, మీ ఎడమ."

అటుది ఇటు, ఇటుది అటు. మర తిరగబడింది. కారు పరిగెత్తేకొద్దీ ఆ నట్టు తనంతట తానే విప్పుకుంటుంది. దేవుడా, వాడు దొంగ అయితే ఎంత బాగుండేది. ఇంతసేపూ వాడు దొంగ అన్న ధైర్యంతోనే ఇక్కడ నిలబడ్డాను, వాడికి తెలుసు, వాడు ఆపుతాడు, వాడు బిగిస్తాడు అని. వాడికేమీ తెలియదు. వాడు ఉత్త ఈలగాడు. వాడు వంతెన మీద కూడా ఈల వేస్తూనే ఉంటాడు.

పరిగెత్తాను. చెప్పులు షెడ్డులోనే ఉండిపోయాయి. ఎదురింటావిడ ఏదో అడిగింది, ఏమడిగిందో వినలేదు, చేతిలో సుత్తి పట్టుకుని వీధిలో పరిగెత్తే మనిషిని ఎవరైనా ఏదో ఒకటి అడుగుతారు. మలుపు. ఇంకో మలుపు. తోపుడు బండివాడు పక్కకి తప్పుకున్నాడు. నా పనిలో ఎన్ని ఫొటోలు చూశాను, రోడ్డు పక్కన బోల్తా కొట్టిన బళ్ళు, అద్దాల మీద ఎండ, పక్కన పడి ఉన్న ఒంటి చెప్పు, చూసి, చక్రం ముందే వదులుగా ఉందా అని అడిగేవాణ్ణి నేను, ఎవరికైనా ముందే తెలుసా అని కూడా అడిగేవాణ్ణి, తెలుసు అన్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. ఊపిరాడటం లేదు. తలకి కట్టుకున్న గుడ్డ ఏ రంగుదో గుర్తు రావడం లేదు. చెయ్యి ఊపింది నాకేసి. నేనూ ఊపాననుకుంది. వంతెనకి దిగే పల్లం ముందు రోడ్డు పక్కన పచ్చగా ఏదో కనిపించింది, బానెట్ అది, నేను మూడు పూతలు వేసిన పచ్చ. నిలబడి ఉంది. నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది.

డ్రైవరు సీట్లో సోఫా దిండుంది, ఆ సంచీలో తెచ్చిందన్నమాట, మలుపు తిరిగాక చోట్లు మార్చుకున్నారన్నమాట. ఆమె కింద చక్రం దగ్గర కూర్చుని ఉంది. బావమరిది నెత్తి గోక్కుంటూ నిలబడ్డాడు, నన్ను చూడగానే మొహం వెలిగింది. "బావా! సుత్తి కూడా తెచ్చావే! ఎలా తెలిసింది నీకు?"

"ఆయనకి తెలుసురా," అంది ఆమె తలెత్తకుండా.

నట్టు మీద రెండు వేళ్ళు పెట్టి తిప్పుతోంది, సీసా మూత తిరిగినట్టు తిరుగుతోంది అది. ఇంకో రెండు చుట్లు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. నేను రోడ్డు మీదే ఆమె పక్కన కూలబడ్డాను. "నీకు... నీకేం కాలేదు కదా?"

"స్టీరింగు చేతుల్లో సన్నగా వణికింది. ఆపేశాను." లాబ్‌లో చెప్పినట్టే చెప్పింది.

"అక్క ఆపమంటే నేనే ఏం లేదులే పోనియ్ అన్నా బావా," అన్నాడు వాడు. మొదటిసారి వాడి మొహంలో ఈల లేదు.

"ఎవరూ వదులు చెయ్యలేదే," అన్నాను. "నేనే. హబ్బులు అటుదిటు బిగించాను. ఎదురుగా నిలబడి ఎడమ అనుకున్నాను. నడిస్తే ఊడొచ్చేలా కట్టాను." నాకు ఏడుపొస్తోంది, ఆ ఏడుపులో సంతోషం కూడా ఉంది, చెప్పేస్తున్నాను కదా, అందరికీ అర్థమైపోతుంది, ఎవరిమీదా ఏ అనుమానమూ మిగలదు. "నువ్వు నేర్చుకుంటున్నావని తెలియదు. తెలిస్తే..."

"మీరు కుట్టుమిషను కాదన్న మర్నాటి నించీ నేర్చుకుంటున్నాను. తీసిన ప్రతిసారీ ముందు ఈ నట్టు చూసేదాన్ని. వదులుగా ఉండేది. మీ సుద్ద గీతలు కూడా చూశాను. కనిపెట్టేశారు, నోటితో వద్దనలేక ఇలా భయపెడుతున్నారు అనుకున్నాను. వీడు మెట్లు దిగేలోపే సుత్తితో కొట్టి బిగించుకుని ఎక్కేదాన్ని. వీడికి కూడా చెప్పలేదు, మీరంటే గౌరవం వాడికి."

వాడు రోడ్డుకేసి చూస్తున్నాడు. నేను ఆమె వేళ్ళకేసి చూస్తున్నాను, గోళ్ళ సందుల్లో గ్రీజు ఉంది, ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. "మరి ఇవ్వాళ చూసుకోలేదేం?"

"మీరు గుమ్మంలో నిలబడి చూస్తున్నారుగా." ఇప్పుడు తలెత్తింది. "నేను ఎక్కుతుంటే ఏమీ అనలేదు. చెయ్యి కూడా ఊపారు. వదులుగా ఉంటే నన్ను పోనిస్తారా అనుకున్నాను."

తోపుడు బండివాడు మెల్లిగా మమ్మల్ని దాటుకుని పల్లంలోకి దిగాడు. అతని గంట చప్పుడు వంతెన దాకా వినిపించింది.

"పొద్దున చూశారా దీన్ని?"

"చూశాను."

"చూసి?"

బావమరిది నన్ను చూశాడు, అక్కని చూశాడు, అర్థమైందో లేదో గానీ రెండడుగులు అవతలికి జరిగి నిలబడ్డాడు. నేను సుత్తి అందుకుని చక్రం ముందు కూర్చున్నాను. పై రెక్క మీద, కారు ముందువైపుకి. కొట్టాను. నిదానంగా తోలుకుంటూ, ఆగి ఆగి కొట్టుకుంటూ వెళ్తే ఇంటికి చేరతాం, హబ్బులు మార్చేదాకా మళ్ళీ రోడ్డెక్కకపోతే చాలు, అని చెప్పాను, చెప్తూ కొడుతూనే ఉన్నాను, రాగి రెక్కకి తగిలి మెత్తగా మోగుతోంది. ఇంక కదలదనిపించాక ఆపి, "బిగిసింది, ఎక్కు," అన్నాను.

ఆమె ఎక్కలేదు. నన్ను పక్కకి జరగమని వంగి, రెండు చేతులతో నట్టు రెక్కలు పట్టుకుని, బలమంతా పెట్టి కదిపి చూసింది. కదల్లేదు. నా మొహంలోకి ఓసారి చూసి, మళ్ళీ కదిపి చూసింది.